గడియ లేని తలుపు

మా ఇంటి వీధి తలుపుకు గడియ ఉండేది కాదు. ఉన్న ఇత్తడి గడియను తాతయ్యే స్వయంగా మేకులు పీకి తీసేశారని, నేను పుట్టకముందే ఆ పని జరిగిందని చెప్పేవారు. చెక్క మీద మేకుల రంధ్రాలు మాత్రం మిగిలాయి. చిన్నప్పుడు వాటిలో వేలు పెట్టి ఆడుకునేదాన్ని. మెటియాబ్రుజ్‌లో కలకత్తా రేవుకు పోయే సందులో, ఎప్పుడు చూసినా కూలీలూ ఓడ పనివాళ్లూ తిరిగే చోట, రెండంతస్తుల ఇంటికి గడియ లేకపోవడం చూసి ఇరుగుపొరుగు నవ్వేవారు. తాతయ్య నవ్వేవారు కాదు. ప్రభువు ఎప్పుడైనా రావచ్చు, వచ్చినప్పుడు కొల్లివారి గుమ్మం ముందు ఆయన ఆగవలసిన పని ఉండకూడదు అనేవారు. మామ్మ వంటింట్లోంచి, "దొంగలాగ వొస్తానని బైబిల్లో ఆయనే సెప్పేడు గదండీ. దొంగకి గడియొక లెక్కేటి? ఈలోగా ఇంకో దొంగొచ్చి నా బిందెలట్టుకుపోతే ఏటి సెయ్యాలి?" అనేది. తాతయ్యతో అంతమాట అనగలిగింది ఆవిడొక్కతే.

ముందుగా ఒక సంగతి చెప్పి తర్వాత మిగతాది రాస్తాను. తాతయ్య ఏది నమ్మారో నేనూ ఇప్పటికీ అదే నమ్ముతాను. ప్రభువు ఇంకా రావలసి ఉంది. ఇది చదివి కొల్లి అబ్రహాము గారి మనవరాలు వయసు మీదపడి మెత్తబడిందని ఎవరూ అనుకోనక్కరలేదు. ఆ ఇల్లు ఇప్పుడు మాది కాదు, ఆ సంఘం లేదు, మా ఇంటిపేరు చెబితే లేచి నిలబడేవాళ్లు అసలే లేరు. బడ్జ్ బడ్జ్ రైలు లైను పక్కన రెండు గదుల ఫ్లాటులో ఉంటున్నాను. దాని తలుపుకు మూడు గడియలు. నాకు లేనివాటి గురించి జాలిపడమని ఎవరినీ అడగలేదు, అడగను. ఈ వర్షాకాలంలో ఒక గుడ్డ బయటపడింది. దాని వెనకాలే ఒక మాట బయటపడింది. ఆ మాట నాతో పోకూడదని రాస్తున్నాను.

తాతయ్య టెక్కలి వైపు పల్లె నుంచి వచ్చి, రేవులో సరుకు దింపే కూలీలకు మేస్త్రీ అయి, తర్వాత కంట్రాక్టరు అయ్యారు. ఆయన పిలిపించిన మనుషులే ఆ సందు నిండా ఉండేవారు. వాళ్ల పెళ్లిళ్లూ చావులూ తగువులూ అన్నీ మా కింది అంతస్తులోనే తేలేవి. పై అంతస్తు హాలు సంఘానిది. తెల్లవారగానే ఆయన డాబా మీదికి వెళ్లి, తూర్పు వైపు ఆకాశాన్ని కాసేపు చూసి దిగేవారు. ఆ చూపులో ఆత్రం ఉండేది కాదు. రావలసిన ఓడ కోసం రేవులో నిలబడ్డ మనిషి చూపు అది. ఈ రోజు కాకపోతే రేపు, పోటు చూసుకుని వస్తుంది. ఎండాకాలంలో కూడా నల్లకోటు వేసుకోకుండా ప్రార్థనకు నిలబడేవారు కాదు. అబద్ధం ఆ ఇంట్లో చొరబడకూడదనేవారు. మా అమ్మ ఓసారి ఇంట్లో లేనని కూరలవాడికి చెప్పించినందుకు, ఆయనే కిందికి దిగి వెళ్లి, "ఉంది నాయనా, లేదని చెప్పడం తప్పయింది" అని వాడితో బెంగాలీలో చెప్పి వచ్చారు. మేము ఎంత ఉన్నవాళ్లమో ఆ సందులో ఎవరూ చెప్పుకోలేదు. కొల్లివారు అన్నారంటే అంతే అని చెప్పుకునేవారు. నాకు వారసత్వంగా మిగిలింది ఆ ఒక్క మాటే. దాన్ని ఇన్నేళ్లూ నిటారుగా మోస్తూ వచ్చాను.

శనివారం ఇంట్లో కిస్‌మిస్ వాసన. ఆదివారం రొట్టె విరిచి గిన్నె పంచుకునే బల్ల ఆరాధనకు కావలసిన రసం మామ్మే కాచేది. ఖిదిర్‌పూర్ బజారు నుంచి నల్ల కిస్‌మిస్ తెప్పించి, తొడిమలు ఏరి, ముందురోజే నానబెట్టి, శనివారం మధ్యాహ్నం బొగ్గుల పొయ్యి మీద సన్నటి సెగన ఉంచేది. ఉబ్బిన పళ్లు పగిలి, నీళ్లు ముదురు రంగుకు తిరిగి, కాస్త పులుపూ కాస్త మాడిన బెల్లమూ కలిసినట్టుండే వాసన మెట్లు దిగి వీధి దాకా వెళ్లేది. పాత మల్లుగుడ్డలో పోసి పిండేటప్పుడు ఆవిడ మాట్లాడేది కాదు, ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు. నేను మాత్రం పిప్పి కోసం పక్కన కూర్చునేదాన్ని. పిప్పి నాకు, రసం ప్రభువుకు. ఆ ఏర్పాటులో నాకు ఏ లోటూ కనిపించేది కాదు.

మా బల్ల దగ్గర ఒకటే గిన్నె. వెండిది, రెండు చేతులా పట్టుకోవలసినంత బరువైంది. తాతయ్య చేతి నుంచి బయల్దేరి మగవాళ్ల వరసంతా చేతులు మారి, ఆ వరసలో చివరివాడి నుంచి ఆడవాళ్ల వరసలో మొదటి మనిషికి చేరేది. మగవాళ్ల వరసలో చివర కూర్చునేది చిన్నాన్న తిమోతి, ఇంట్లో ఆఖరి కొడుకు. ఆడవాళ్ల వరసలో మొదట మామ్మ. మధ్యన నడవడానికి వదిలిన సందు. ఆ సందు మీదుగా కొడుకు వంగి గిన్నె అందించడం, తల్లి ముసుగు సర్దుకుని రెండు చేతులా అందుకోవడం, అందుకుంటూ వాడి ముఖంలోకి ఒక్క క్షణం చూడడం ప్రతి ఆదివారం జరిగేది. బాప్తిస్మం ఇంకా తీసుకోనందున నాకు గిన్నె రాదు. అందుకే చూడడం ఒక్కటే నా పని. ఆ చూపును నేను చూసినంతగా ఎవరూ చూసి ఉండరు.

చిన్నాన్న రేవులో సరుకు బేళ్ల మీదా పెట్టెల మీదా మార్కాలు వేసేవాడు. చేతులు ఎప్పుడూ టర్పెంటైను వాసన. అక్షరాలు అచ్చుగుద్దినట్టు వచ్చేవి. అందుకే తాతయ్య ఆ గుడ్డ పని అతనికి అప్పగించారు. బడ్జ్ బడ్జ్ మిల్లు నుంచి తెప్పించిన గోనెగుడ్డను అంచులు కలిపి కుట్టించి, సుద్దా జిగురూ పూసి ఆరబెట్టి, హాలు గోడంత పొడుగున లోకచరిత్ర అంతా గీయాలి. ఎడమ కొసన ఏదెను తోట. అక్కడి నుంచి జలప్రళయపు ఓడ, ఎర్రసముద్రం, బబులోను. దానియేలు ప్రవక్తకు దేవుడు గడువుగా చెప్పిన డెబ్బయి వారాలు చిన్న చిన్న గళ్లుగా. అరవైతొమ్మిది గళ్లు వరసగా అయ్యాక సిలువ, ఆ తర్వాత ఒక పొడుగాటి నీలం పట్టీ. ఆ పట్టీ దాటాక ఒంటరిగా ఒక గడి, అది ఆఖరి వారం. అందులో శ్రమలు, ఏడు తలల మృగం. ఆ పైన వెయ్యేళ్ల పాలన. కుడి కొసన తెల్లగా ఒక గడి, ఖాళీగా.

"ఇందులో ఏటి రాయమంటారు నానా?" అని అడిగాడు చిన్నాన్న.

"అక్కడ రాసే మాట మనకింకా ఇవ్వలేదురా. ఉండనీ" అన్నారు తాతయ్య.

"మరి ఈ నీలం పట్టీ?"

"అదే మనం. నువ్వూ నేనూ ఉన్నది అందులోనే."

చిన్నాన్న కుంచె కొసతో గళ్లు లెక్కపెట్టాడు. అరవైతొమ్మిదో గడి పక్కన డెబ్బయ్యోది గీయవలసిన చోటును చూశాడు. "బేళ్లు దించేటప్పుడు అరవైతొమ్మిది తరవాత డెబ్బయ్యోది దిగాలి గదా నానా. మధ్యలో ఒక్క బేలుని ఓడలో ఉంచీసి, ఇన్నొందల ఏళ్ల తరవాత దింపుతామంటే సరుకుగలవాడు ఊరుకుంటాడేటి?" అన్నాడు. తాతయ్య పెద్దగా నవ్వారు. మామ్మ కూడా నవ్వింది. ఆ ప్రశ్న అక్కడే ఉండిపోతుందని ఎవరూ అనుకోలేదు.

గుడ్డ పూర్తయ్యేసరికి ఆ ప్రశ్న పెద్దదైంది. రాయవలసిన ప్రతి వచనాన్నీ అతను ముందు చదవాలి కదా. చదివినకొద్దీ అతనికి ఒకటే తోచేది. ఇవన్నీ ఈ తరం పోకముందే జరుగుతాయని ప్రభువే చెప్పాడు, అలాగే జరిగాయి. యెరూషలేము మందిరం కూలినప్పుడే తీర్పు దిగింది, రాకడ అదే, అది అయిపోయింది. భోజనాల దగ్గర ఇదే మాట. "పేతురుని ఎదట కూకోబెట్టుకుని మీరు చూస్తారు అన్నాడు నానా. మీరు అంటే పేతురు కాదు, మెటియాబ్రుజ్ కొల్లోరు అనుకోవాలేటి?" తాతయ్యా అంతే గట్టిగా జవాబు చెప్పేవారు. మేఘాల మీద వస్తానన్నాడు, వచ్చాడా? ప్రతి కన్నూ చూస్తుందన్నాడు, చూసిందా? మేఘాల మీద రావడమంటే తీర్పు రావడమే, ప్రవక్తలు మాట్లాడే తీరే అంత అని చిన్నాన్న. వచనానికి వచనం, అన్నం చల్లారిపోయేది. నాకు ఆ వాదం సగం సగమే అర్థమయ్యేది. కానీ ఒక మధ్యాహ్నం తాతయ్య వాదించడం ఆపి అడిగిన ప్రశ్న మాత్రం పూర్తిగా అర్థమైంది. తాతయ్యా మామ్మల పెద్ద కూతురు, మా నాన్న కన్నా ముందు పుట్టిన పిల్ల, ఆటలమ్మ పోసి ఆరేళ్లకే పోయింది. ఆ పేరు ఇంట్లో ఎత్తేవారు కాదు.

"అంతా అయిపోయిందంటున్నావు. మరి నా బిడ్డ మాటేటిరా? అది లేవాలి గదా. ఎప్పుడు లేచింది? లేస్తే నాకెందుకు అవుపడలేదు?" అన్నారు.

మామ్మ లేచి పెరట్లోకి వెళ్లింది. తర్వాత చదువుకుని నేను ఎన్నో వాదనలు విన్నాను, చేశాను. రెండు పక్షాల పుస్తకాలూ చదివాను. కానీ ఆ ప్రశ్న వినని వాళ్లకు తాతయ్య ఎందుకు ఒక్క అంగుళం జరగలేదో అర్థం కాదు. రాకడ గడిచిపోయిందంటే ఆయన కూతురు మట్టిలోనే మిగిలిపోయినట్టు. ఆయన పట్టుకున్నది గుడ్డ మీది గళ్లను కాదు, ఆ పిల్ల చెయ్యి.

ఆ మాట సంఘంలోకి పాకింది. కుర్రవాళ్లు కొందరు చిన్నాన్న వైపు తలూపడం మొదలుపెట్టారు. ఒక ఆదివారం రొట్టె విరిచాక గిన్నె ఎత్తి పట్టుకుని తాతయ్య అందరి ముందూ అడిగారు. "ఈ బల్ల ఆయన వచ్చేవరకే అని రాసి ఉంది. వచ్చేశాడు అన్నవాడికి ఇంక దీంతో పనేటి?"

చిన్నాన్న లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. "వచ్చేడు కాబట్టే నానా. ఇంట్లో ఉన్నవాడితో కలిసి తింటాం గదా."

తాతయ్య గిన్నెను వరసలోకి పంపించారు. అది చేతులు మారుతూ చిన్నాన్న పక్కవాడి దాకా వచ్చింది. అప్పుడు తాతయ్యే నడిచివచ్చి ఆ మనిషి చేతిలోంచి గిన్నె తీసుకుని, కొడుకును దాటి, ఆ సందు మీదుగా తన చేత్తో మామ్మకు అందించారు. చిన్నాన్న చేతులు అప్పటికే ముందుకు చాచి ఉన్నాయి. అవి కాసేపు అలాగే ఉన్నాయి. మామ్మ గిన్నె అందుకుంది. ఎప్పటిలాగే ముసుగు సర్దుకుంది. పెదాల దాకా తీసుకువెళ్లకుండా పక్కావిడకు అందించేసింది.

ఆ వారమే చిన్నాన్న రేకుపెట్టె పట్టుకుని ఫెర్రీ ఎక్కి నది అవతల హౌరా వైపు వెళ్లిపోయాడు. వెలివేసినవాడితో కలిసి భోంచెయ్యకూడదన్నది సంఘం నియమం. వంటింట్లో అతని కంచం బోర్లించి ఉండేది, మామ్మ దాన్ని రోజూ మిగతావాటితో పాటు తోమేది. శనివారాలు రసం కాయడం మానలేదు. అదే ఏరడం, అదే నానబెట్టడం, అదే మౌనం. ఆదివారం తాతయ్య మగవాళ్ల వరస చివరి నుంచి గిన్నె తీసుకుని స్వయంగా తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టేవారు. ఆవిడ తాగకుండా పక్కకు అందించేది. ఇంటికి యజమాని, సంఘానికి పెద్ద ప్రతి వారం భార్య ముందు వంగడం, ఆవిడ ప్రతి వారం కాదనడం అందరూ చూసేవారు, ఎవరూ కిమ్మనేవారు కాదు. ఆయన ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. ఆవిడ ఆయన్ని ఒక్క మాట అడగలేదు. మధ్యాహ్నం ఇద్దరూ ఎదురుబదురుగా కూర్చుని చేపల పులుసు తినేవారు, ఆవిడ ముల్లు తీసి ఆయన కంచంలో ముక్క వేసేది.

"నువ్వెందుకు తాగవు మామ్మా?" అని ఓసారి పిప్పి తింటూ అడిగాను.

"నాకందించేవాడు రాలేదే. వొచ్చేక తాగుతాను."

"ఎప్పుడొస్తాడు?"

"ఏటో మరి. మీ తాత ఆకాశం వైపు సూస్తారు, నేను మెట్ల వైపు సూస్తాను. ఎవలోలు ముందొస్తే ఆళ్లకే గెలుపు" అని నవ్వింది. ఆ నవ్వుకు నేనూ నవ్వాను. తలుపుకు గడియ లేదు కదా, చిన్నాన్న ఎప్పుడైనా తోసుకుని రావచ్చు అనుకున్నాను.

ఆవిడ అలా చాలా ఏళ్లు చూసింది. ఆస్తమా పట్టుకున్నా, పొయ్యి దగ్గర కూర్చోలేకపోయినా, నా చేత కాయించి తాను పక్కన పడుకుని వాసనను బట్టి దించే వేళ చెప్పేది. ఎవరో వచ్చినట్టు మెట్ల మీద చప్పుడైతే అటు తిరిగేది. చివరికి ఒక్కసారి కూడా గిన్నె నోట పెట్టకుండానే పోయింది. సమాధి రాతి మీద మా వంశంలో అందరికీ తాతయ్య చెక్కించే వాక్యమే ఆవిడకూ చెక్కించారు: ప్రభువు రాకడకై కనిపెట్టుచున్నది. భూస్థాపన రోజు చిన్నాన్న శ్మశానం గోడ అవతల నిలబడి ఉండగా చూశాను. లోపలికి రాలేదు. తల్లి బతికుండగా ఒక్కసారి రానివాడు ఇప్పుడెందుకు వచ్చాడనుకుని ముఖం తిప్పుకున్నాను. సిద్ధాంతం సంగతి ఎలా ఉన్నా, అది నాకు మింగుడుపడలేదు. ఆ తర్వాత నేను నది దాటలేదు.

మా పతనం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రేవులోకి ఇనుప కంటైనర్లు వచ్చాయి, మనుషుల భుజాలతో పని లేకుండా పోయింది. తాతయ్య వేరే వ్యాపారం చూడలేదు, ఊళ్లో పొలం కొనలేదు, కారుతున్న డాబాకు మరమ్మతు చేయించలేదు. ఎన్నాళ్లుంటాం ఇక్కడ అనేవారు. ఆయన పోయాక కింది అంతస్తు దర్జీలకు అద్దెకు వెళ్లింది, తర్వాత పై అంతస్తు, తర్వాత ఇల్లే వెళ్లింది. ఆ గోడల మీద ఇప్పుడు పిల్లల ఫ్రాకులు కట్టలు కట్టలుగా వేలాడతాయి. కుట్టుమిషన్ల చప్పుడులో మేము పాడిన కీర్తన ఒక్కటీ మిగిలి ఉండదు. వెళ్లి చూడాలని ఎప్పుడూ అనుకోలేదు.

ఈ వర్షాకాలంలో అక్కడి దర్జీ మేస్త్రీ సలీం ఫోను చేశాడు. అతని తండ్రి మా ఇంట్లో మొదట అద్దెకు దిగిన మనిషి. ఆ మర్యాద ఇంకా పాటిస్తాడు. "మాసీమా, అటక మీద మీవాళ్ల గుడ్డ చుట్ట ఒకటి దొరికింది. విప్పితే ఏడు తలల జంతువు ఉంది. మావాళ్లు అటకెక్కనంటున్నారు. వచ్చి మీ జంతువును తీసుకెళ్లండి" అన్నాడు బెంగాలీలో. వెళ్లాను. వీధి తలుపు స్థానంలో ఇనుప షట్టరు ఉంది. సలీం టీ తెప్పించాడు, నిలబడే తాగాను. గుడ్డ అంచులు ఎలుకలు కొట్టాయి, ఏదెను తోట దాదాపు పోయింది. మిగతాది పోలేదు. అరవైతొమ్మిది గళ్లూ, నీలం పట్టీ, ఒంటరి గడి, ఖాళీ గడి. అక్షరాలన్నీ చిన్నాన్నవే. ఆయన బతికే ఉన్నాడని, హౌరాలో కూతురి దగ్గర మంచం పట్టాడని సలీమే చెప్పాడు. గుడ్డ ఎవరిదని వాకబు చేస్తూ ముందు వాళ్లనే పట్టుకున్నాడట. రూతుకు ఇవ్వండి, కొల్లివారి పెద్ద ఇప్పుడు ఆవిడే అని నా పేరు చెప్పాడట చిన్నాన్న.

అలా నది దాటాను. చిన్నాన్న కూతురు మిఠూ తలుపు తీసి, "దిదీ, తుమి? అక్కా, నువ్వా?" అని నా చేతిలోని చుట్ట అందుకుంది. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. చిన్నాన్న తొంభైకి దగ్గర పడ్డ మనిషి, మంచంలో ఒక పక్కకు ఒదిగి ఉన్నాడు. గుడ్డ విప్పి దుప్పటిలా ఆయన మీద పరిచాను. నీలం పట్టీని వేళ్లతో తడిమాడు.

"ఇది ఓడకేసే రంగమ్మా. సముద్రం మీద కూడా వెలిసిపోదు. సూడు, ఎలాగుందో." తర్వాత కళ్లెత్తి, "ఇంకా నమ్ముతున్నావేటి, ఈ ఖాళీ జాగా అంతా?" అన్నాడు.

"నమ్ముతున్నాను."

"అచ్చం నాన్నే. ఆ మెడ కూడా నాన్నదే. వొంగదు" అని నవ్వాడు.

ఆ నవ్వులో మామ్మ కనిపించింది. అది భరించలేకపోయాను. ఇన్నేళ్లూ లోపల దాచుకున్న మాట అడిగేశాను. "మామ్మ గిన్నె ముట్టకుండా పోయింది చిన్నాన్నా. నువ్వందిస్తేనే తాగుతానంది. ఒక్కసారి, ఒక్క ఆదివారం, నువ్వు రాలేదు."

"వొచ్చేనమ్మా" అన్నాడు.

మిఠూ గ్లాసు అక్కడ పెట్టి నా వైపు చూసింది. ఆమెకూ ఇది కొత్తే.

"వొచ్చేను. శనివారం. అమ్మ గిన్నె నోట పెట్టడం మానీసిందని ఎవలో చెప్పేరు, ఆగలేకపోనాను. తలుపు తోసేను, గడియ లేదు గదా. మెట్ల మీద కిస్‌మిస్ వాసన. నాన్న మెట్ల మధ్యన కూకుని ఉన్నారు. నన్ను చూసి లేవలేదు. ప్రభువు ఇంకా రావాలి అని ఒక్క మాట అను, పైకెళ్లు, రేపు గిన్నె నీ చేతికే ఇస్తాను అన్నారు. అనీద్దామనే ఉందమ్మా. నోరు తెరిచేను గూడా. అబద్ధం ఆడి తల్లికి ప్రభువు గిన్నె అందించమంటారా నానా, అనడిగేను. అప్పుడు ఏడ్చేరు. ఆయనా ఏడ్చేరు, నేనూ ఏడ్చేను. ఒకల్నొకలు ముట్టుకోలేదు. అంతలో అమ్మ పైనించి, ఎవరండీ అంది."

ఆయన ఆగాడు. ఊపిరి అందడానికి అనుకున్నాను. కాదు.

"ఎవరూ లేరు, అన్నారు నాన్న. నన్నే చూస్తూ అన్నారు."

"నువ్వు కేక వెయ్యలేదా? అమ్మా అని ఒక్క కేక!"

"నేను కేకేస్తే నాన్న అబద్ధమాడినట్టు అమ్మకి తెలిసిపోద్ది గదమ్మా" అన్నాడు చిన్నాన్న. "ఆయన జీవితంలో అదొక్కటే. దాన్ని అందరెదటా ఎలాగ పెట్టనూ? తలుపు దగ్గరగా వేసీసి వెళిపోనాను. తరవాత చెప్తారులే అనుకున్నాను."

చెప్పలేదు. చెప్పి ఉంటే మామ్మ మెట్ల వైపు చూడడం మానేసేది. వచ్చాడు అన్న ఒక్క మాట చాలు, ఆవిడ ఆ గిన్నె ఎవరు అందించినా తాగేదని నా మనసుకు తెలుసు. అప్పటికే వచ్చి వెళ్లిపోయినవాడి కోసం ఆవిడ మిగిలిన ఏళ్లన్నీ కనిపెట్టుకుని ఉంది. ప్రతి వారం గిన్నె తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టిన మనిషికి ఆ సంగతి తెలుసు. ఆయన తెల్లవారుజామున ఆకాశం వైపు చూసిన చూపును ఇప్పుడు తలుచుకుంటే, దాంట్లో నాకు రేవు మీది మనిషి కనిపించడం లేదు.

తిరుగు ఫెర్రీలో కూర్చుని ఆ శనివారం ఏదై ఉంటుందా అని వెతికాను. నేను ఇంట్లోనే ఉండి ఉంటాను, మామ్మ పక్కన పిప్పి కోసం. ఆవిడ ఎవరండీ అని అడిగింది, కింది నుంచి జవాబు వచ్చింది, నేను విని ఉండాలి. ఎంత వెతికినా దొరకలేదు. అన్ని శనివారాలదీ ఒకటే వాసన.

ఇప్పటి మా సంఘం ఆదివారం ఒక పాఠశాల హాలులో చేరుతుంది. రసం సీసాలో వస్తుంది. పళ్లెంలో చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పులు, ఎవరిది వారు తీసుకుంటారు, ఎవరి చేతి నుంచీ ఎవరూ అందుకోనక్కరలేదు. కుర్రవాళ్లు హిందీలో పాడతారు, గిటారు బాగానే వాయిస్తారు. రాకడ గతమా భవిష్యత్తా అని మొన్న ఒక అబ్బాయిని అడిగితే, "ఏదైనా ఫరవాలేదు ఆంటీ, ప్రేమ ముఖ్యం" అన్నాడు. మంచి పిల్లవాడు. ఆ ప్రశ్న మీద ఏ ఇల్లూ ఇంక చీలదు, ఏ తల్లీ దాహంతో పోదు. ఇది మేలేనని ఒప్పుకుంటాను. కానీ మా ఇంట్లో ఆ మాటకు ఒక ప్రాణం ఖరీదు ఉండేది, దాని కోసం ఇద్దరు మనుషులు మెట్ల మీద ఏడ్చారు. ఏదైనా ఫరవాలేదు అనేంత తేలిక మాట ఆ గుమ్మం దాటి రాగలిగేది కాదు. గడియ లేకపోయినా సరే.

దుర్గాపూజలకు ముందు చిన్నాన్న పోయాడు. హౌరా శ్మశానంలోనే పెట్టారు. రాయి చెక్కేవాడి దగ్గరికి మిఠూ నన్ను తీసుకువెళ్లింది. తెలుగు రాతలు ఆమె చదవలేదు, చెక్కేవాడు బెంగాలీ, గీసి ఇస్తే గీసినట్టే చెక్కుతాడు. "మన వంశంలో అందరికీ ఏం రాస్తారో అదే రాయి దిదీ. బాబా ఏమీ చెప్పలేదు. రూతుకి తెలుసు అన్నాడంతే" అంది. కాగితం నా ముందు పెట్టింది. నేను ఏం రాసినా అడిగేవాళ్లు లేరు, చదివేవాళ్లు కూడా లేరు. పేరు, ఆ కింద ఫలానా వారి కుమారుడు అని తండ్రి పేరు, ఆ కింద తాతయ్య వాక్యం. మా రాళ్లన్నీ అంతే. ఆ వాక్యం నేను నమ్ముతాను, రేపు నా రాతి మీదా అదే ఉండాలి. చిన్నాన్న నమ్మలేదు. నమ్మానని ఒక్క మాట అనలేక తల్లి గుమ్మంలోంచి వెనక్కి తిరిగిన మనిషి చేత, నోరు విప్పే వీలు లేనప్పుడు ఆ మాట అనిపించడానికి నా చెయ్యి రాలేదు.

కొల్లి తిమోతి అని రాశాను. ఆ కింద, ఎస్తేరమ్మ కొడుకు అని రాశాను. అది మామ్మ పేరు. మా వంశంలో తల్లి పేరుతో రాయి లేదు, ఇదే మొదటిది.

చెక్కేవాడు కాగితాన్ని రాతి మీద ఆనించి కొలుచుకున్నాడు. "ఇంతేనా దిదీ? కింద చాలా ఖాళీ మిగిలిపోతోంది" అన్నాడు.

"ఉండనీ" అన్నాను.